నాలుగు డెంగీలకు ఒక టీకా

వానలు పడి నెల దాటేసరికి మన ఊళ్లలో ల్యాబుల ముందు జనం పెరుగుతారు. అక్కడ చేసే డెంగీ కార్డు పరీక్ష మూడు సంగతులు చెబుతుంది. ఎన్ఎస్1 పాజిటివ్ అంటే వైరస్ ఇప్పుడు ఒంట్లో తిరుగుతోందని. ఐజీఎం అంటే ఈమధ్యే సోకిందని. ఐజీజీ గీత పాత లెక్క చెబుతుంది. జ్వరం మొదలైన నాలుగైదు రోజుల్లోపే అది గట్టిగా పడిందంటే, ఈ మనిషికి డెంగీ ఇదివరకే ఒకసారి వచ్చి పోయి ఉంటుంది. రిపోర్టు చేతికొచ్చిన వాళ్లు ఎన్ఎస్1 చూస్తారు, ప్లేట్‌లెట్లు ఎన్ని వేలున్నాయో చూస్తారు, బొప్పాయి ఆకు కోసం మనిషిని పంపుతారు. ఐజీజీ వైపు చూసేవాళ్లు తక్కువ. డెంగీ టీకా ఎందుకింత ఆలస్యమైంది, వచ్చిన మొదటి టీకా ఎందుకు జనం నమ్మకం పోగొట్టుకుంది, రేపు మన దగ్గర వచ్చే టీకాను ఏం చూసి ఒప్పుకోవాలి అన్న మూడు ప్రశ్నలకూ జవాబు ఆ గీతలోనే ఉంది.

అవసరం ఎంతటిదో అందరికీ తెలిసిందే. 2024లో ప్రపంచవ్యాప్తంగా 1.4 కోట్లకు పైగా డెంగీ కేసులు నమోదయ్యాయి. మన దేశంలో 2023లో అధికారిక లెక్క 2,89,235 కేసులు, 485 మరణాలు. నమోదు కానివి ఇంతకు ఎన్నో రెట్లు. సోకిన ప్రతి నలుగురిలో ముగ్గురికి జ్వరమే రాదు, వచ్చినా గుర్తుపట్టేంతగా ఉండదు. తమకు డెంగీ వచ్చిపోయిందని తెలియని వాళ్లే ఎక్కువ. ఈ మాట గుర్తుంచుకోవాలి, టీకా కథలో మళ్లీ మళ్లీ అవసరమవుతుంది.

డెంగీ వైరస్‌కు దగ్గరి చుట్టాలైన వైరస్‌లకు టీకాలు ఎప్పుడో వచ్చాయి. ఎల్లో ఫీవర్‌కు మాక్స్ టైలర్ 1930లలోనే 17డి టీకా తయారుచేసి, 1951లో నోబెల్ అందుకున్నారు. జపనీస్ మెదడువాపుకు టీకా ఉంది, హైదరాబాద్‌లోనే భారత్ బయోటెక్ ఒకటి తయారుచేసింది. మరి డెంగీకి ఏమైంది?

రెండో ప్రపంచ యుద్ధ కాలంలో పసిఫిక్ దీవుల్లో అమెరికా సైనికులు డెంగీతో వరసగా మంచాన పడ్డారు. తర్వాతి రోజుల్లో పోలియో చుక్కల మందుతో పేరు తెచ్చుకున్న ఆల్బర్ట్ సేబిన్ అప్పుడు ఈ వైరస్ మీద పనిచేశారు. జపాన్‌లో కిమురా, హొట్టా 1943లో వైరస్‌ను వేరుచేస్తే, ఆ మరుసటి ఏడాది సేబిన్ హవాయి నుంచి ఒకటి, న్యూగినీ నుంచి ఒకటి వేరుచేశారు. రెండూ డెంగీయే, కానీ ఒకటి కాదు. వాలంటీర్ల మీద ఆయన చేసిన ప్రయోగాల్లో ఒక విషయం బయటపడింది. ఒక రకం సోకి తగ్గిన మనిషికి ఆ రకం మళ్లీ రాదు. రెండో రకం నుంచి మాత్రం రక్షణ కొద్ది నెలలే. 1956లో మనీలాలో మరో రెండు రకాలు దొరికాయి. ఇలా డెంగీలు నాలుగని తేలింది. ఒకే మనిషికి నాలుగుసార్లు రావచ్చన్న మాట.

అంతవరకైతే నాలుగు రకాలకూ కలిపి ఒక టీకా చేస్తే సరిపోయేది. అసలు చిక్కు బ్యాంకాక్‌లో కనిపించింది. 1950ల చివరి నుంచి అక్కడి పిల్లల ఆస్పత్రుల్లో రక్తస్రావంతో, షాక్‌తో పిల్లలు చనిపోతున్నారు. వాళ్ల రక్తాన్ని పరీక్షించిన స్కాట్ హాల్‌స్టెడ్ అనే అమెరికన్ వైద్యుడికి రెండు రకాల రోగులు కనిపించారు. ఎక్కువమంది రెండోసారి డెంగీ వచ్చిన పిల్లలు. మిగతావాళ్లు ఏడాది కూడా నిండని పసివాళ్లు, వాళ్లకు వచ్చింది మొదటిసారే. ఈ రెండు గుంపులకూ ఉమ్మడిగా ఉన్నదేమిటి? పసివాళ్ల ఒంట్లో తల్లి నుంచి వచ్చిన యాంటీబాడీలు ఉంటాయి. పుట్టిన కొత్తలో అవి బిడ్డను కాపాడతాయి. ఆరేడు నెలలకు అవి పలచబడే సమయంలో డెంగీ సోకితే, అవే ప్రమాదం తెచ్చిపెడుతున్నాయి. పెద్ద పిల్లల్లో మొదటిసారి వచ్చిన డెంగీ మిగిల్చిన యాంటీబాడీలు ఆ పని చేస్తున్నాయి.

జరిగేది ఇదీ. మొదటి రకానికి పుట్టిన యాంటీబాడీ రెండో రకం వైరస్‌ను పట్టుకుంటుంది గానీ చంపలేదు. యాంటీబాడీ అంటుకున్న దేన్నయినా మింగేయడం కొన్ని తెల్లరక్తకణాల పని. డెంగీ వైరస్‌కు కావలసింది సరిగ్గా ఆ కణాల్లోకి వెళ్లడమే, అక్కడే అది పెరుగుతుంది. కాపలావాడే దొంగకు తలుపు తీసినట్టవుతుంది. వైరస్ విపరీతంగా పెరిగి, జ్వరం దిగే వేళకు రక్తనాళాల నుంచి ప్లాస్మా బయటికి కారిపోతుంది, బీపీ పడిపోతుంది. డెంగీలో ప్రాణాలు పోయేది ఎక్కువగా ఇందువల్లే. అందుకే అనుభవమున్న డాక్టరు ప్లేట్‌లెట్ల కన్నా రక్తం చిక్కదనం చెప్పే పీసీవీ ఎంత పెరిగింది, నాడి ఎలా ఉంది, మూత్రం వస్తోందా అని అడుగుతారు. ఇంట్లో వాళ్లు కూడా జ్వరం తగ్గింది కదా అని ఊపిరి పీల్చుకోకుండా, ఆ తర్వాతి రెండు రోజులు కంట్లో వత్తులేసుకుని చూడాలి.

హాల్‌స్టెడ్ వాదనను చాలాకాలం చాలామంది ఒప్పుకోలేదు. దాన్ని బలపరిచింది క్యూబా. 1977లో ఆ ద్వీపంలో ఒకటో రకం డెంగీ వచ్చింది, పెద్ద నష్టం లేకుండా పోయింది. 1981లో రెండో రకం వచ్చేసరికి 3,44,203 మంది జబ్బుపడ్డారు, 158 మంది చనిపోయారు, అందులో 101 మంది పిల్లలు. ఆ తర్వాత దోమల్ని గట్టిగా అదుపు చేశారు. 1997లో శాంటియాగో నగరంలో రెండో రకమే మళ్లీ తిరిగింది. ఈసారి తీవ్రంగా జబ్బుపడి చనిపోయినవాళ్లంతా పెద్దవాళ్లు. పిల్లలకు ఏమీ కాకపోవడానికి కారణం, 1977 నాటి ఒకటో రకం వాళ్లు పుట్టకముందే వచ్చి పోవడం. ఇరవై ఏళ్ల కిందటి జ్వరం తాలూకు యాంటీబాడీలు అంతకాలం తర్వాత హాని చేశాయి. 2017లో నికరాగ్వా పిల్లల మీద ఏళ్ల తరబడి సాగిన అధ్యయనం ఇంకా స్పష్టంగా చూపింది. యాంటీబాడీలు బాగా ఎక్కువుంటే రక్షణ, అసలు లేకపోతే మామూలు జ్వరం, మధ్యస్థంగా ఒక మోతాదులో ఉంటే తీవ్రమైన డెంగీ ముప్పు ఏడు రెట్లకు పైగా.

టీకా అంటే ఒంట్లో యాంటీబాడీలు పుట్టించడమే కదా. నాలుగు రకాలకూ బలంగా పుట్టించలేకపోతే, డెంగీ ఎన్నడూ రాని బిడ్డకు మనమే మొదటి డెంగీ అంటించినట్టు అవుతుంది. బయట దోమ కుట్టి నిజంగా సోకేది రెండోదవుతుంది. ఇంకే టీకాలోనూ ఇంత సూటిగా ఎదురవని చిక్కు ఇది.

సనోఫీ కంపెనీ ఈ చిక్కు తెలిసే రంగంలోకి దిగింది. ఎల్లో ఫీవర్ టీకా వైరస్ తీసుకుని, దాని పైతొడుగు తీసేసి డెంగీ పైతొడుగు అమర్చారు. అలా నాలుగు వైరస్‌లు చేసి కలిపారు. ఇరవై ఏళ్ల శ్రమ, 150 కోట్ల యూరోలకు పైగా ఖర్చు. తొలి హెచ్చరిక 2012లోనే వచ్చింది. థాయ్‌లాండ్‌లోని రాచబురిలో 4,002 మంది పిల్లల మీద చేసిన ప్రయోగంలో ల్యాబులో చూస్తే యాంటీబాడీలు నాలుగు రకాలకూ పుట్టాయి. అయినా రెండో రకం డెంగీని టీకా ఆపలేకపోయింది. మొత్తం రక్షణ 30 శాతమే. ల్యాబులో కనిపించే యాంటీబాడీ కొలతకూ నిజమైన రక్షణకూ పొంతన ఉండదని అప్పుడే తెలిసింది.

ఆ తర్వాత ఆసియాలోని ఐదు దేశాల్లో 10,275 మంది, లాటిన్ అమెరికాలో 20,869 మంది పిల్లలపై పెద్ద ప్రయోగాలు జరిగాయి. రక్షణ 56.5 శాతం, 60.8 శాతం. మూడో ఏడాది లెక్కల్లో చిన్నపిల్లల్లో, ముఖ్యంగా 2 నుంచి 5 ఏళ్లవారిలో, టీకా వేయించుకున్నవాళ్లే ఆస్పత్రిపాలు కావడం ఎక్కువైంది. కంపెనీ దీన్ని వయసుకు సంబంధించిన సమస్యగా తీసుకుని, తొమ్మిదేళ్లు దాటినవారికే టీకా అని నిర్ణయించింది. 2015 డిసెంబరులో మెక్సికో మొదటి అనుమతి ఇచ్చింది. డెంగ్వాక్సియా అలా మార్కెట్లోకి వచ్చింది.

కారణం వయసు కాకపోవచ్చని, చిన్నపిల్లల్లో డెంగీ ఇంకా సోకనివాళ్లు ఎక్కువ కాబట్టి అలా జరిగి ఉండవచ్చని హాల్‌స్టెడ్ అప్పుడే రాశారు. మనీలా వైద్యులు ఆంటోనియో డాన్స్, లియోనిలా డాన్స్ కూడా తమ ప్రభుత్వాన్ని హెచ్చరించారు. ఎవరూ వినలేదు. 2016 ఏప్రిల్‌లో ఫిలిప్పీన్స్ బడుల్లో టీకా కార్యక్రమం మొదలై, 8 లక్షలకు పైగా పిల్లలకు చేరింది. 2017 నవంబరు 29న సనోఫీయే ప్రకటించింది: ఇదివరకు డెంగీ రానివాళ్లకు ఈ టీకా వల్ల ఆ తర్వాత తీవ్రమైన డెంగీ వచ్చే ముప్పు పెరుగుతుందని.

అంత ఆలస్యంగా ఎందుకు తెలిసింది? టీకా వేసేముందు రక్తం తీసి దాచింది కొద్దిమంది పిల్లల దగ్గరే. మిగతావారికి అంతకుముందు డెంగీ వచ్చిందో లేదో చెప్పే ఆధారం లేదు. చివరికి శాస్త్రవేత్తలు ఒక ఉపాయం పట్టారు. ఈ టీకాలో పైతొడుగు డెంగీది, లోపలి ఎన్ఎస్1 అనే ప్రోటీన్ ఎల్లో ఫీవర్‌ది. కాబట్టి ఒక బిడ్డ రక్తంలో డెంగీ ఎన్ఎస్1కు యాంటీబాడీ ఉంటే అది టీకా వల్ల వచ్చింది కాదు, నిజమైన డెంగీ వల్ల వచ్చింది. ప్రయోగం 13వ నెలలో దాదాపు అందరి దగ్గరా తీసిన రక్తాన్ని ఇలా తిరిగి పరీక్షించారు. లెక్క తేలింది. ఇదివరకు డెంగీ వచ్చిన ప్రతి 1000 మంది పిల్లల్లో ఐదేళ్లలో 15 మందిని టీకా ఆస్పత్రి నుంచి తప్పించింది. రానివాళ్లలో ప్రతి 1000 మందికి అదనంగా ఐదుగురిని ఆస్పత్రికి పంపింది.

మొత్తంగా చూస్తే మేలే ఎక్కువ కదా అని వాదించినవారు ఉన్నారు. ఆ వాదన నాకు మింగుడుపడదు. డెంగీకి సకాలంలో సెలైన్, సరైన సంరక్షణ ఉంటే నూటికి తొంభై తొమ్మిది మందికి పైగా బతుకుతారు. ఏ జబ్బూ లేని బిడ్డను బడి వరండాలో నిలబెట్టి వేసే సూది ఆ బిడ్డకు కొత్త ప్రమాదం తేకూడదు. తెచ్చే అవకాశం ఉన్నప్పుడు ఏ బిడ్డకు ప్రమాదమో ముందే తెలుసుకునే పరీక్ష చేసి తీరాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో చేసిన సిఫారసు కూడా అదే. కానీ బడిలో ప్రతి బిడ్డకూ ముందు రక్తపరీక్ష చేయడం అంత తేలిక కాదు. డెంగ్వాక్సియా వాడకం క్రమంగా పడిపోయి, కంపెనీ ఉత్పత్తే మానుకుంది. మన దేశంలో దానికి అనుమతి రానేలేదు.

ఫిలిప్పీన్స్‌లో జరిగిన నష్టం డెంగీతో ఆగలేదు. బిడ్డల్ని పోగొట్టుకున్న తల్లిదండ్రులు వీధికెక్కారు, శవాల్ని తవ్వి తీశారు, అధికారులపై కేసులు పడ్డాయి. ఆ మరణాలకు టీకాయే కారణమని నిపుణుల పరిశీలనలో రుజువు కాలేదు. అయినా నమ్మకం పోయింది. టీకాలు ముఖ్యమని గట్టిగా నమ్మేవారు 2015లో 93 శాతం ఉంటే 2018కి 32 శాతానికి పడిపోయారు. 2019లో తట్టు చెలరేగి వందల మంది పిల్లలు చనిపోయారు. తట్టు టీకాలు తగ్గడానికి ఇదొక్కటే కారణం కాదు గానీ, ఇది పెద్ద కారణం. ఒక టీకా విషయంలో తొందరపడితే మిగతా టీకాలన్నీ దాని అప్పు తీర్చాల్సి వస్తుంది.

రెండో తరం టీకాలు ఈ గాయం తర్వాత వచ్చినవి. జపాన్ కంపెనీ టకేడా తెచ్చిన క్యూడెంగాకు మూలం థాయ్‌లాండ్‌లోని మహిడోల్ విశ్వవిద్యాలయంలో బలహీనపరిచిన రెండో రకం డెంగీ వైరస్. మిగతా మూడు రకాల పైతొడుగుల్ని దాని మీదే అమర్చారు. మూడు నెలల తేడాతో రెండు డోసులు. ఎనిమిది దేశాల్లో 20 వేల మంది పిల్లలపై ప్రయోగం చేస్తే, మొదటి ఏడాది రక్షణ 80.2 శాతం, నాలుగున్నరేళ్లకు 61.2 శాతం. ఆస్పత్రిపాలు కాకుండా ఆపడంలో 84.1 శాతం. ఈసారి వాలంటీర్లందరి దగ్గరా ముందే రక్తం తీసి దాచారు, డెంగ్వాక్సియా నేర్పిన పాఠం అది. అందువల్లే ఒక లోటు కూడా దాగలేదు. ఇదివరకు డెంగీ రానివాళ్లలో మూడో రకంపై రక్షణ కనిపించలేదు, నాలుగో రకంపై ఏదో ఒకటి తేల్చడానికి సరిపడా కేసులు లేవు. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని డెంగీ తీవ్రంగా ఉన్న ప్రాంతాల్లోని 6 నుంచి 16 ఏళ్ల పిల్లలకే సూచించింది. బ్రెజిల్ 2024 ఫిబ్రవరిలో ప్రభుత్వ కార్యక్రమంలో మొదలుపెట్టింది. అదే నెలలో హైదరాబాద్‌కు చెందిన బయలాజికల్ ఇ కంపెనీ, ఏడాదికి 5 కోట్ల డోసుల దాకా ఈ టీకాను తయారుచేసేందుకు టకేడాతో ఒప్పందం చేసుకుంది.

నాకు ఎక్కువ ఆశ కలిగించేది మూడో టీకా. అమెరికా ప్రభుత్వ పరిశోధన సంస్థ ఎన్ఐహెచ్‌లో స్టీఫెన్ వైట్‌హెడ్ బృందం డెంగీ వైరస్ జన్యువు చివరి భాగంలో 30 అక్షరాలు తొలగించి దాన్ని బలహీనపరిచింది. పైతొడుగు మాత్రమే కాక వైరస్ లోపలి భాగాలు కూడా చాలావరకు డెంగీవే కావడం దీని బలం. నాలుగు వైరస్‌లను ఒక సీసాలో కలిపితే ఒకటి పెరిగి మిగతావాటిని తొక్కేయడం అన్ని డెంగీ టీకాలకూ ఉన్న తలనొప్పి. ఏది ఎంత కలపాలో తేల్చడానికే వీళ్లకు ఏళ్లు పట్టింది. పెద్ద ప్రయోగానికి వెళ్లేముందు వాళ్లు చేసిన పరీక్ష సాహసంతో కూడినది. టీకా వేసిన ఆరు నెలలకు 41 మంది వాలంటీర్లకు, బలహీనపరిచిన మరో రెండో రకం డెంగీ వైరస్‌ను నేరుగా ఎక్కించారు. టీకా పొందిన 21 మందిలో ఒక్కరికీ సోకలేదు. ఉత్తుత్తి టీకా పొందిన 20 మందికీ సోకింది.

ఈ టీకాను బ్రెజిల్‌లో బుటాంటన్ సంస్థ 16,235 మందిపై ప్రయోగించింది. ఒకే డోసు. రెండేళ్లకు రక్షణ 79.6 శాతం. 2025 నవంబరులో బ్రెజిల్ 12 నుంచి 59 ఏళ్లవారికి అనుమతి ఇచ్చింది. ఒక్క సంగతి మరవకూడదు. ప్రయోగం మొదటి రెండేళ్లలో బ్రెజిల్‌లో తిరిగింది ఒకటి, రెండు రకాలే. మూడు, నాలుగు రకాల మీద ఆ టీకాకు అక్కడ పరీక్షే ఎదురుకాలేదు.

మన దేశంలో నాలుగు రకాలూ తిరుగుతున్నాయి. ఎన్ఐహెచ్ వైరస్‌లతోనే పనేసియా బయోటెక్ తయారుచేసిన ఒక్క డోసు టీకాపై భారత వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్‌తో కలిసి మూడో దశ ప్రయోగం 2024 ఆగస్టు 14న రోహ్‌తక్‌లో మొదలైంది. 19 కేంద్రాలు, 10,335 మంది పెద్దవాళ్లు, రెండేళ్ల పరిశీలన. హైదరాబాద్‌లోని ఇండియన్ ఇమ్యునలాజికల్స్ కూడా డెంగీ టీకా మీద పనిచేస్తోంది. ఢిల్లీలో నవీన్ ఖన్నా బృందం అసలు వైరస్సే లేకుండా, నాలుగు రకాల నుంచి రక్షణకు పనికొచ్చే ముక్కను మాత్రమే తీసుకుని ఈస్ట్ కణాల్లో టీకా తయారుచేసింది. హాని చేసే యాంటీబాడీలు పుట్టకుండా చూడటమే దాని ఆలోచన. ఆలోచన చక్కనిది, పెద్ద ప్రయోగాల దాకా ఇంకా రాలేదు.

ఇక్కడ ఒక లెక్క జాగ్రత్తగా చూడాలి. ఐసీఎంఆర్ 2017-18లో 15 రాష్ట్రాల్లో 12,300 మంది రక్తం పరీక్షించింది. 5 నుంచి 45 ఏళ్లవారిలో 48.7 శాతం మందికి డెంగీ అప్పటికే సోకిపోయింది. దక్షిణాదిలో అది 76.9 శాతం. ఈశాన్యంలో 5 శాతం దరిదాపు. వయసు బట్టి చూస్తే, 5 నుంచి 8 ఏళ్ల పిల్లల్లో దేశం మొత్తం మీద 28.3 శాతం మందికే సోకింది.

అంటే ఏమిటి? పెద్దవాళ్ల మీద, అందులో చాలామందికి డెంగీ వచ్చిపోయిన దేశంలో, చేసే ప్రయోగంలో మొత్తం శాతం సహజంగానే బాగా కనిపిస్తుంది. ఇప్పటిదాకా వచ్చిన టీకాలు డెంగీ వచ్చిపోయినవాళ్లలో మెరుగ్గా పనిచేశాయి. మనకు అసలు కావలసినవాళ్లు పిల్లలు, వాళ్లలో ఎక్కువమందికి డెంగీ ఇంకా రాలేదు. వాళ్లలో ఈ టీకా ఏం చేస్తుందో ఈ ప్రయోగం పూర్తిగా చెప్పలేదు. రెండేళ్ల పరిశీలన కూడా చాలదు. డెంగ్వాక్సియాలో ముప్పు మూడో ఏట బయటపడింది.

అలాగని టీకాను అనుమానంతో వెనక్కి నెట్టమని నేననను. మన తెలుగు నేల లాంటి చోట, పదేళ్లు దాటేసరికి చాలామంది పిల్లలకు ఒకసారి సోకి ఉండే చోట, మంచి డెంగీ టీకా కాపాడే ప్రాణాలు చాలానే ఉంటాయి. రెండో డెంగీ నుంచి రక్షణ మనకే ఎక్కువ అవసరం. కర్నూలులో పన్నెండేళ్ల బిడ్డకూ, ఇంఫాల్‌లో ఆరేళ్ల బిడ్డకూ ఒకే నియమం పెట్టడమే తప్పు. జిల్లాల వారీగా ఎంతమందికి సోకిందో తెలిపే రక్తసర్వే లేకుండా దేశమంతటికీ ఒకే వయసు, ఒకే కార్యక్రమం అని ప్రకటిస్తే ఫిలిప్పీన్స్ చేసిన పనే మనమూ చేస్తాం.

దోమల సంగతి కూడా ఒక్క మాట. ఇండోనేషియాలోని యోగ్యకర్తాలో వోల్బాకియా అనే బ్యాక్టీరియా ఎక్కించిన దోమల్ని వదిలితే డెంగీ 77 శాతం తగ్గింది. పుదుచ్చేరిలోని ఐసీఎంఆర్ కేంద్రం అలాంటి దోమల్ని తయారుచేసి పెట్టింది. ఈ పద్ధతికి నాలుగు రకాల బెడద లేదు, ఎవరికి ముందు వచ్చిందన్న ప్రశ్నా లేదు. టీకాకు పెట్టే శ్రద్ధలో కొంతైనా దీనికీ పెట్టాలి.

మన దేశపు టీకా ఫలితాలు వెలువడిన రోజున పత్రికల్లో ఒక శాతం పెద్ద అక్షరాల్లో వస్తుంది. ఆ ఒక్క అంకెతో సరిపెట్టుకోవద్దని విలేకరుల్ని, డాక్టర్లని, పిల్లల తల్లిదండ్రుల్ని కోరుతున్నాను. ఇదివరకు డెంగీ రానివాళ్లలో ఎంత, ఒక్కో రకంపై విడివిడిగా ఎంత, ఆస్పత్రిలో చేరినవాళ్లు రెండు వైపులా ఎందరు, మూడో ఏట, ఐదో ఏట ఎందరు అని అడగండి. ఐసీఎంఆర్ ఆ పట్టికలన్నీ, బాగున్నవీ బాగోలేనివీ, బడిపిల్లలకు మొదటి సూది పడకముందే ప్రజల ముందు పెట్టాలి.